నడుం నొప్పికి కావలసింది అరగంట

సాఫ్ట్‌వేర్ వాడు "నడుం నొప్పి" అంటే మా ఊళ్ళో నవ్వుతారు. ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని మీటలు నొక్కేవాడికి నడుం నొప్పేంటి, ఉభాలకెళ్ళేవాళ్ళకి రావాలి గానీ అని. (వరినాట్లని మా వైపు ఉభాలంటారు.) వాళ్ళ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ పది గంటలు కదలకుండా కూర్చున్నా నొస్తుంది, పది గంటలు వంగి నాటినా నొస్తుంది. నొప్పి వచ్చాక ఎవరికి ఏం దొరుకుతుందన్న దగ్గరే అసలు తేడా. నా గోల ఆ తేడా గురించే.

మాది పాతపట్నం. శ్రీకాకుళం జిల్లాకి ఆ కొసన, మహేంద్రతనయ ఒడ్డున ఉంటుంది. నీలమణి దుర్గమ్మ గుడి ఉన్న ఊరు అంటే మా జిల్లా వాళ్ళు గుర్తుపడతారు. పక్కనే పర్లాకిమిడి, అంటే ఒడిశా. ఉద్యోగం హైదరాబాదులో. ఇంటినుంచి పని చేసుకునే వెసులుబాటు ఉంది కాబట్టి ఏడాదిలో రెండు మూడు నెలలు ఊళ్ళోనే ఉంటాను. నొప్పి మొదలై ఏడాదిన్నర అయింది. నడుం ఎడమ పక్కన మొదలై, పిర్ర మీదుగా పిక్క దాకా లాగేది. దగ్గితే చాలు, కరెంటు కొట్టినట్టుండేది. ఇలా రెండు ఊళ్ళ వైద్యమూ చూసే భాగ్యం కలిగింది.

ముందు సిటీ సంగతి. ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాను (పేరెందుకు లెండి). రిసెప్షన్ దగ్గర నలభై నిమిషాలు, డాక్టరు గారి ముందు నాలుగు నిమిషాలు. మంచం మీద పడుకోబెట్టి కాలెత్తి చూడటం లాంటిదేమీ జరగలేదు. ఎమ్మారై రాశారు. మర్నాడు రిపోర్టు పట్టుకెళ్తే "ఎల్4-ఎల్5 దగ్గర డిస్కు ఉబ్బింది, నరాన్ని తాకుతోంది, ఆపరేషన్ గురించి ఆలోచించుకోండి" అన్నారు. ఈసారి మూడు నిమిషాలే. కాయితం చదివితే ఎవరికైనా గుండె జారుతుంది. అరిగింది, ఉబ్బింది, నొక్కింది, ఎండిపోయింది... నా వెన్నెముక గురించి రాశారా, పాత మిద్దె ఇంటి గురించి రాశారా అనిపించింది.

ఆ రిపోర్టు మీద మొహం వేలాడేసుకుని ఉంటే ఒక స్నేహితుడు ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపాడు. ఆవిడ మొదటి రోజు నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. ఎలా పడుకుంటావు, ఎంతసేపు కూర్చుంటావు, ఏ పని చేయడానికి భయమేస్తోంది అని అడిగారు. కాలెత్తించారు, మడమల మీద నడిపించారు, మునివేళ్ళ మీద నడిపించారు, మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టారు. అప్పుడు చెప్పారు: బలం తగ్గలేదు, స్పర్శ పోలేదు, ఒంటికీ రెంటికీ ఇబ్బంది లేదు, కంగారు లేదు, రోజూ నడు, ఈ మూడు కదలికలు చెయ్యి, రెండు వారాల్లో మళ్ళీ రా. సెషనుకి ఆరువందలు. మూడు నెలల్లో పదకొండు సెషన్లు, అంటే 6,600 రూపాయలు. ఇప్పుడు నొప్పి అప్పుడప్పుడూ వస్తుంది, వస్తే ఏం చేయాలో తెలుసు.

ఇదంతా మాయ అని నేననడం లేదు. ఆ మూడు నెలల్లో దానంతటదే తగ్గి ఉండొచ్చు కూడా. డిస్కు వల్ల కాల్లోకి లాగే నొప్పికి ఏది మేలో తేల్చడానికి నెదర్లాండ్స్‌లో 283 మంది మీద ఒక పరిశోధన చేశారు. 2007లో అచ్చయింది. సగం మందికి వెంటనే ఆపరేషన్, సగం మందికి ముందు ఆపరేషన్ లేని వైద్యం, తప్పకపోతే తర్వాత ఆపరేషన్. ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల్లోనూ 95 శాతం మంది కోలుకున్నామన్నారు. వెంటనే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి నొప్పి త్వరగా తగ్గిన మాట నిజం. ఆగిన వాళ్ళలో 39 శాతం మందికి ఏడాదిలోపే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది, అదీ నిజమే. కానీ మిగతా 61 శాతం మంది కత్తి పడకుండానే ఏడాది దాటారు. నాకు ఈ లెక్క మూడు నిమిషాల్లో చెప్పడం కుదరదు, ఒప్పుకుంటాను. ఆ మాటకొస్తే అసలు సమస్యే అది.

ఎమ్మారై గురించి ఇంకొక్క మాట. 2015లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. నడుం నొప్పే లేని మూడు వేల మందికి పైగా తీసిన స్కానింగుల్ని కలిపి చూశారు. ఇరవై ఏళ్ళ వయసు వాళ్ళలోనే 37 శాతం మందికి డిస్కులు అరిగి ఉన్నాయి, 30 శాతం మందికి ఉబ్బి ఉన్నాయి. ఎనభై ఏళ్ళ వాళ్ళలో అయితే అరుగుదల 96 శాతం, ఉబ్బు 84 శాతం. అంటే నెరిసిన జుట్టులాంటిది చాలావరకు. తలనొప్పి అని వెళ్ళినవాడికి ఫోటో తీసి "జుట్టు నెరిసింది, అందుకే" అంటే ఎలా ఉంటుంది? మా బావ ఒకడు ఎమ్మారై ఫిల్ము తీసి దండెం మీద బట్టలా వేలాడదీసి వచ్చిన ప్రతివాడికీ చూపిస్తాడు. "చూడు, గ్యాప్ వచ్చేసింది" అంటాడు. ఆ గ్యాప్ అనే మాట ఎవరు కనిపెట్టారో గానీ, ఆంధ్రదేశంలో సగం నడుములు ఆ మాటకే వంగిపోయాయి.

ఇప్పుడు మా ఊరికొద్దాం.

పాతపట్నం చుట్టుపక్కల పల్లెల్లో నడుం పట్టేస్తే మొదటి వైద్యం ఇంట్లోనే. కాపడం, వావిలాకు వేసి కాచిన నీళ్ళు, నేల మీద పడక. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళతో నడుం మీద తన్నించుకుంటే పోతుందన్న నమ్మకం ఇంకా ఉంది. నవ్వకండి, అందులో కనీసం ఖర్చు లేదు, కిడ్నీకి నష్టం లేదు. (తన్నేవాడు జాగ్రత్తగా తన్నాలి, అంతే.) రెండో వైద్యం ఆర్ఎంపీ. బండి మీద ఇంటికే వస్తాడు, సూది వేస్తాడు, నాలుగు మాత్రలు పొట్లం కట్టి ఇస్తాడు, డబ్బు పంట వచ్చాక తీసుకుంటాడు. ఏ కార్పొరేట్ ఆసుపత్రీ ఇవ్వని సర్వీసు ఇది. ఆయన్ని తిట్టడం చాలా సులువు. ఆయన లేకపోతే అర్ధరాత్రి ఎవరొస్తారో తిట్టేవాళ్ళు చెప్పరు.

మూడోది సర్కారు ఆసుపత్రి. అక్కడ ఓపీ క్యూ మీకు తెలియంది కాదు. జ్వరాలు, గర్భిణులు, కుక్కకాట్లు, పాముకాట్లు, బీపీ, షుగరు, వీటన్నిటి మధ్య "నడుం నొస్తోంది బాబూ" అని ఒక ముసలావిడ వస్తే డాక్టరు ఏం చేయగలడు? 2017లో 67 దేశాల లెక్కలు కలిపి, ప్రాథమిక వైద్యంలో డాక్టరు ఒక్కో రోగితో ఎంతసేపు గడుపుతాడని చూశారు. స్వీడన్‌లో 22 నిమిషాల పైమాట, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, మన దేశంలో రెండు నిమిషాల చిల్లర. రెండు నిమిషాల్లో నడుం నొప్పికి చేయగలిగిన వైద్యం ఒక్కటే: చీటీ మీద నొప్పి మాత్ర, గ్యాస్ మాత్ర. నేనా కుర్చీలో ఉన్నా అదే రాస్తాను.

ఇక స్పెషలిస్టులు. గ్రామీణ సీహెచ్‌సీలో నలుగురు ఉండాలి: సర్జన్, ఫిజీషియన్, గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు. 2021–22 కేంద్ర గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశం మొత్తం మీద వీళ్ళలో 79.5 శాతం లోటు. ఎముకల డాక్టరు ఆ నలుగురిలో లేనే లేడు. అందుకని టెక్కలి జిల్లా ఆసుపత్రికో, శ్రీకాకుళం పెద్దాసుపత్రికో, అక్కడా కాకపోతే విశాఖ కేజీహెచ్‌కో పొమ్మంటారు. 1923 నుంచీ ఉత్తరాంధ్ర మొత్తానికీ, పక్క ఒడిశా జిల్లాలకీ కేజీహెచ్చే చివరి మెట్టు. నడుం నొప్పితో ఉన్న మనిషిని నూటయాభై కిలోమీటర్లు బస్సులోనో గుణుపూర్ ప్యాసింజర్‌లోనో కూర్చోబెట్టి, క్యూలో నిలబెట్టి, "మంచిగా రెస్ట్ తీసుకోమ్మా" అని తిరిగి అదే రైల్లో పంపడం... దీన్ని వైద్యం అనాలా, పరీక్ష అనాలా?

రెస్ట్ అంటే గుర్తొచ్చింది. మంచాన పడి ఉండటం వల్ల నడుం బాగుపడుతుందనే మాట ఎప్పుడో పాతబడింది. 1986లో అమెరికాలో రెండు రోజుల పడకనీ ఏడు రోజుల పడకనీ పోల్చి చూశారు. రెండు రోజులే పడుకోమన్న వాళ్ళు పని మానేసిన రోజులు 45 శాతం తక్కువ. మిగతా విషయాల్లో ఏ తేడా లేదు. 1995లో ఫిన్లాండ్ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, నొప్పి ఓర్చుకోగలిగినంత మేర మామూలు పనులు చేసుకునేవాళ్ళే పడుకున్నవాళ్ళ కంటే త్వరగా తేరుకున్నారని చూపించారు. 2018లో లాన్సెట్ పత్రిక దీని మీద వరసగా వ్యాసాలు వేసింది. అక్కర్లేని స్కానింగులు, అక్కర్లేని పడక, అక్కర్లేని ఆపరేషన్లు పేద దేశాలకీ పాకుతున్నాయని వాపోయింది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుం నొప్పికి మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. విషయం వివరించి చెప్పడం, వ్యాయామం, కొన్ని రకాల చేతి వైద్యం, మనసుకి ధైర్యం చెప్పే పద్ధతులు, అవసరమైతే నొప్పి మాత్రలు వాడొచ్చంది. నడుం బెల్టులు, బరువులు కట్టి లాగే ట్రాక్షను, నల్లమందు జాతి నొప్పి మందులు మామూలుగా వద్దంది. మన మెడికల్ షాపుల్లో గుమ్మానికి వేలాడేది ఏంటో ఒకసారి చూడండి. బెల్టే!

సరే, అన్ని నడుం నొప్పులూ ఒకటి కావు. ఒంటికి రాకపోయినా, తెలియకుండా అయిపోతున్నా, కూర్చునే చోట మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా క్షణం ఆగకూడదు. ఆ రోజే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. రోజూ సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని నొప్పి ఉంటే వెన్నెముక టీబీ కావచ్చు. మన దేశంలో అది పుస్తకాల్లో జబ్బు కాదు, వార్డుల్లో జబ్బు. కేన్సరు వచ్చి తగ్గినవాళ్ళకి కొత్తగా నడుం నొప్పి వచ్చినా, పడిపోయాక వచ్చినా అంతే. ఇలాంటివాళ్ళకే ఎమ్మారై కావాలి, వెంటనే కావాలి. అక్కర్లేనివాళ్ళు క్యూ నింపేస్తే నష్టపోయేది వీళ్ళే. మా ఆఫీసులో అయితే దీన్ని ట్రయాజ్ అంటారు. వచ్చిన టికెట్లన్నీ సీనియర్ మోస్ట్ ఇంజనీర్‌కి పంపిస్తే సర్వర్ నిజంగా పడిపోయిన రోజున అతను పాస్‌వర్డ్ రీసెట్ చేస్తూ కూర్చుంటాడు. మొదటి మెట్టు మీద ప్రశ్నలడిగే మనిషి ఒకడు కావాలి. మన ఆరోగ్య వ్యవస్థలో నడుం నొప్పికి ఆ మొదటి మెట్టే లేదు.

ఇవన్నీ చదివేసుకుని మా పెద్దమ్మకి ఉపన్యాసమిచ్చాను. ఆవిడకి యాభై ఎనిమిది. ఉభాల సీజన్‌లో కూలికి వెళ్తుంది, జీడిపిక్కల పనికి వెళ్తుంది, ఏడాదిలో ఎన్ని సూదులు వేయించుకుంటుందో ఆవిడకే లెక్క లేదు. నడవమ్మా, కదలమ్మా, సూదులొద్దమ్మా అన్నాను. అంతా విని ఒక్క మాటంది.

"సూదేస్తే మూడ్రోజులు పన్లోకెల్లొచ్చు బాబూ. నువ్వు సెప్పిన కసరత్తు సేసి ఇంటికాడ కూకుంటే కూలెవులిస్తారు?"

దీనికి నా దగ్గర జవాబు లేదు, లాన్సెట్ దగ్గరా లేదు. ఉభాలు పదిహేను ఇరవై రోజుల పని. ఆ రోజుల్లో వచ్చే కూలి మళ్ళీ రాదు. సూది ఆవిడకి వైద్యం కాదు, పనిముట్టు. కొడవలికి పదును పెట్టించుకున్నట్టే నడుముకి సూది వేయించుకుంటుంది. అందుకని "జనానికి తెలివి లేదు, అవగాహన పెంచాలి" అనే పోస్టర్ వైద్యం మీద నాకు నమ్మకం పోయింది. ఆవిడకి అవగాహన నాకంటే ఎక్కువే ఉంది.

కానీ మా జిల్లాలో ఆ సూదికి ఇంకో ఖరీదుంది. ఉద్దానం సంగతి మీకు తెలుసు కదా. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఏళ్ళ తరబడి కిడ్నీలు పాడైపోతున్నాయి. షుగరూ బీపీ లేనివాళ్ళకి, పొలం పని చేసేవాళ్ళకి ఎక్కువగా. నీళ్ళన్నారు, ఎండన్నారు, పురుగుమందులన్నారు, వంశపారంపర్యమన్నారు. ఇదీ కారణం అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రీ, పరిశోధనా కేంద్రమూ ప్రారంభమయ్యాయి. నొప్పి మందులే ఆ జబ్బుకి కారణమని నేను అనడం లేదు, అలా అనడానికి ఆధారం లేదు. కానీ డైక్లోఫెనాక్ లాంటి మందులు కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయనేది వైద్య విద్యార్థి మొదట్లోనే చదువుకునే పాఠం. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు చాలక, అప్పటికే కిడ్నీ కొంచెం దెబ్బతిన్న మనిషికి అదే మందు నెలల తరబడి పడితే ఏమవుతుందో ఊహించడానికి కొత్త పరిశోధన అక్కర్లేదు. క్రియాటినిన్ చూశాకే సూది వేస్తానన్న ఆర్ఎంపీని నేనింకా చూడలేదు.

డైక్లోఫెనాక్ కథ ఇంకోటుంది. పశువులకి ఈ మందు వేస్తే, ఆ పశువు చచ్చాక కళేబరాన్ని తిన్న రాబందుల కిడ్నీలు చెడిపోయి గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. ఆ సంగతి 2004లో తేలింది. 2006లో పశువుల మందుగా దాన్ని నిషేధించారు. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకి వాడేస్తున్నారని 2015లో మనుషుల సూదిమందుని కూడా 3 మిల్లీలీటర్ల ఒక్క మోతాదు సీసాకే పరిమితం చేశారు. మనిషి రాబందంత సున్నితం కాదనుకోండి. అయినా పక్షి కిడ్నీ గురించి మన ప్రభుత్వాలు చేసిన ఆలోచన కూలి చేసే ఆడమనిషి కిడ్నీ గురించి చేశాయా అని అడగాలనిపిస్తుంది.

అసలు మన లెక్క ఎక్కడ తప్పిందంటే, డబ్బంతా మెట్ల పైకొసన పోస్తున్నాం. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మాదొకటి (మిగతా రెండూ అనంతపురం, మహబూబ్‌నగర్). దాన్ని నేను తక్కువ చేయను. మా వీధిలోనే దాని పుణ్యాన గుండె ఆపరేషన్ చేయించుకుని బతికినవాళ్ళున్నారు. 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు మారింది, పేరేదైతేనేం. కానీ ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే పెద్ద వైద్యాల కోసం. కోత పడితే కార్డు పనిచేస్తుంది. కోత పడకుండా చూసే అరగంటకి పనిచేయదు. మరి ఆసుపత్రి వాళ్ళు ఏది చేద్దామంటారు? డబ్బెటు పారితే వైద్యమూ అటే పారుతుంది, దీనికి ఎవరి దుర్మార్గమూ అక్కర్లేదు. 2018లో కేంద్రం హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లు పెడుతూ 12 రకాల సేవలు ప్రకటించింది. గర్భిణులు, శిశువులు, అంటురోగాలు, షుగరు-బీపీ, కళ్ళు, పళ్ళు, మనసు, వృద్ధాప్యం, అన్నీ ఉన్నాయి. నడుం, మోకాళ్ళ నొప్పులకి ఆ పన్నెండులో సొంత గది లేదు. 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మందికి నడుం నొప్పి ఉందని అంచనా వేశారు, 2050కి అది 84.3 కోట్లు అవుతుందట. ఇంతమందికున్న జబ్బుకి ఒక వరస కూడా లేదు! ప్రాణం తీయదు కదా అని కాబోలు. అవును, ప్రాణం తీయదు, కూలి తీస్తుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పాతపట్నం లాంటి ఊళ్ళకి ఎమ్మారై మిషను వద్దు, స్పైన్ సర్జన్ వద్దు. వారానికి రెండు రోజులు కూర్చునే ఒక ఫిజియోథెరపిస్టు కావాలి. పెద్దమ్మ కోసం వాకబు చేస్తే, డబ్బు కట్టక్కర్లేకుండా చూసే ఫిజియో మాకు దగ్గర్లో దొరకలేదు. ఫిజియోలు లేక కాదు. బీపీటీ అంటే ఇంటర్న్‌షిప్పుతో కలిపి ఏళ్ళ తరబడి చదువు. అది చదివిన ఇద్దరు నాకు తెలుసు. ఒకడు హైదరాబాదులో మెడికల్ కోడింగ్ చేస్తున్నాడు. అమెరికా ఆసుపత్రుల బిల్లులకి నంబర్లు వేస్తాడు, అందులో నడుం నొప్పి నంబరూ ఉంటుంది! ఇంకో అమ్మాయి పెళ్ళయ్యాక ట్యూషన్లు చెప్తోంది.

రెండోది, మొదటి మెట్టు ప్రశ్నలు. ఇంగ్లండులోని కీల్ విశ్వవిద్యాలయం వాళ్ళు తొమ్మిది ప్రశ్నల కాయితం ఒకటి తయారుచేశారు. నొప్పి కాల్లోకి పాకిందా, బట్టలు వేసుకోవడానికి ఇబ్బందిగా ఉందా, ఇది ఎప్పటికీ తగ్గదని అనిపిస్తోందా, ఇలాంటివి. జవాబుల్ని బట్టి తేలిక, మధ్యస్థం, కష్టం అని మూడు వరసలు చేసి, ఎవరికెంత వైద్యమో నిర్ణయిస్తారు. ఇలా చేస్తే ఫలితం మెరుగైంది, ఖర్చు తగ్గింది అని 2011లో లాన్సెట్‌లో వచ్చింది. మన గ్రామాల్లో ఇప్పుడు నర్సింగ్ చదివిన కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లున్నారు. ఈ తొమ్మిదీ, వాటితో పాటు పైన చెప్పిన ప్రమాద సూచనలూ తెలుగులోకీ, సవర భాషలోకీ తెచ్చి, మన మనుషులకి సరిపోతాయో లేదో సరిచూసి వాళ్ళ చేతిలో పెట్టొచ్చు. ఫోన్లో డాక్టరుకి చూపించే ఈ-సంజీవని ఎలాగూ ఉంది, దాన్లో డాక్టరు పక్కన ఒక ఫిజియోని కూర్చోబెట్టడానికి రాకెట్ సైన్సు అక్కర్లేదు. యాప్ కావాలంటే నేను ఊరికే రాసిపెడతాను. (నా ఉద్దేశంలో యాప్ అక్కర్లేదు, కాయితం చాలు. సాఫ్ట్‌వేర్ వాడు అనకూడని మాట ఇది.)

ఆర్ఎంపీల మాటేమిటి? కొంతమంది వాళ్ళని జైల్లో పెట్టాలంటారు, కొంతమంది శిక్షణ ఇస్తే సరిపోతుందంటారు. పశ్చిమ బెంగాల్ బీర్‌భూమ్‌లో నిజంగానే శిక్షణ ఇచ్చి చూశారు. అభిజిత్ బెనర్జీ కూడా ఉన్న బృందం అది, 2016లో సైన్స్ పత్రికలో వచ్చింది. తొమ్మిది నెలల్లో 150 గంటల పాఠాలు. రోగిని సరిగ్గా చూడటం మెరుగైంది. అక్కర్లేని మందులివ్వడం మాత్రం తగ్గలేదు. మందమ్ముకునే బతికేవాడు మందు తగ్గించడు మరి. కాబట్టి శిక్షణ ఇవ్వాలి గానీ, దాంతోనే సూదులు ఆగిపోతాయనుకోవడం భ్రమ. సూది బదులు ఇంకోటి దొరికితేనే సూది ఆగుతుంది.

"డాక్టర్లే లేరు మొర్రో అంటుంటే ఫిజియోలేంటి" అంటారని తెలుసు. డాక్టర్లు లేరు కాబట్టే అంటున్నాను. క్యూలో ఉన్న నడుం నొప్పుల్లో ఎక్కువభాగం పక్క గదికి మళ్ళితే, పాముకాటు వాడికి డాక్టరు ఇంకో రెండు నిమిషాలు మిగుల్తాడు.

మరి పెద్దమ్మ ప్రశ్న? కూలి ఎవరిస్తారు? ఫిజియో ఇవ్వలేడు. కానీ కూలి పోకుండా ఏం చేయొచ్చో చెప్పగలడు. మా హైదరాబాదు ఫిజియో గారిని ఆవిడ తరఫున అడిగాను. ఉభాలు మొదలవడానికి నెల ముందు నుంచే నడుముకీ తొడలకీ బలం వచ్చే కదలికలు రోజుకి పది నిమిషాలు మొదలుపెట్టమన్నారు. నాటేటప్పుడు ప్రతి అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు వెనక్కి వంగమన్నారు. వరస మొత్తం ఒకే కాలు ముందు పెట్టి లాగించొద్దన్నారు. నీళ్ళు తాగమన్నారు. చివర్న, "ఫోన్లో ఇంతకన్నా చెప్పలేను, మనిషిని చూడాలి" అన్నారు. పెద్దమ్మకి చెప్తే, అరగంటకోసారి లేస్తే మేస్త్రి ఊరుకోడంది. ముఠా మొత్తం ఒకేసారి లేస్తే ఊరుకుంటాడేమో అని తనే అంది. మిగతా ఆడవాళ్ళని అడుగుతానంది. చూడాలి.

లెక్క కూడా వేశాను. వారానికి రెండు రోజులు, రోజుకి పదిహేను మందికి అరగంట చొప్పున చూస్తే ఏడాదికి 50 వారాల్లో 1,500 సార్లు. ఒక్కొక్కరికి నాలుగుసార్లు అనుకుంటే 375 మంది. ఒక మండలానికి ఇది ఏ మూలకీ చాలదు. గదిలో ఒక మంచం, ఒక చాప, గోడకి ఒక అద్దం కావాలి. జనం ఎలాగూ పనుల మీద ఊళ్ళోకి దిగే రోజులు చూసుకుని ఆ రెండు రోజులూ పెట్టాలి. మేలియాపుట్టి వైపు నుంచి వచ్చే గిరిజనులకి తిరుగు బస్సు తప్పకుండా పొద్దున్న పదిలోపే మొదలుపెట్టాలి.